నకలు బొమ్మలో కుర్చీ

పొద్దున్నే కొట్టు తెరిచి, బొమ్మల్లోవాళ్లు ఎవరి చోట్లో వాళ్లున్నారో లేదో చూసుకోవడం వదిన మొదటి పని. ఎవరూ లేనప్పుడు వాళ్లు పక్క ఫ్రేముల్లోకి పోయి కబుర్లాడుకోవడం ఏ కొట్లోనైనా మామూలే. వాళ్లని కసిరి సర్ది, ఆవిడ రంగులు కలుపుకునేది. పాత బొమ్మలకి నకళ్లు గీసేది ఆవిడ. అవే అసలైనవని అమ్మేది మరిది. అబ్బో, ఆ నోటికి మొక్కాలి! మొన్న ఆరిన రంగుని నూరేళ్ల నాటిదని నమ్మించగలడు. అన్న పోయాక ఇల్లు గడిచేది ఆ నోటి మీదే కాబట్టి వదిన కిమ్మనేది కాదు.

ఒకరోజు మరిది రొప్పుతూ వచ్చాడు.

"కొంప ముంచావు వదినా! రెండేళ్ల కిందట మిల్లు యజమానికి అమ్మిన ముసలమ్మ బొమ్మలో కుర్చీ ఎక్కడిది? అసలు బొమ్మలో ఆవిడ నిలబడి కదా ఉంది!"

"గీస్తుంటే ఆవిడ మోకాళ్లు చూశాను. పాపం అనిపించి ఒక కుర్చీ వేశా."

"నీ జాలి తగలెయ్య! రేపు ఆ బొమ్మ అసలుదో కాదో తేల్చడానికి నిపుణుడొస్తున్నాడు. నిలబడ్డ మనిషి కూర్చుందని సర్దిచెప్పొచ్చు, కుర్చీ ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చిందని చెప్పను? గీసిన చెయ్యి నీది. జైలుకెళ్లేది నువ్వు!"

మర్నాడు మిల్లు యజమాని భోజనాల గదిలోకి మరిది వెనకాలే అడుగుపెట్టింది వదిన. గోడమీద ముసలమ్మ నిటారుగా నిలబడి ఉంది. కుర్చీ లేదు! పక్క బొమ్మలో జాలరి మాత్రం, పడవ నడిమధ్య కుర్చీలో కాలు మీద కాలేసుకుని వల విసురుతున్నాడు.

"ఇదేంటి?" అన్నాడు నిపుణుడు.

"నడుంనొప్పేమోనండీ" అన్నాడు మరిది, చెమట తుడుచుకుంటూ.

నిపుణుడు భూతద్దం తీశాడు. గంట గడిచింది. ముసలమ్మ మోకాళ్లు వణకడం మొదలైంది. వదిన చూసింది. మరిది కాలు తొక్కినా ఆగలేకపోయింది.

"చాలమ్మా, కూర్చోండి. నాకోసం ఇంతసేపు నిలబడ్డారు, మా అమ్మ కూడా ఇంత చేసుండదు. అయ్యా, ఈ బొమ్మ నేను గీసిందే!" అని బావురుమంది.

జాలరి గబగబా లేచి కుర్చీ అందించాడు. ముసలమ్మ ఉస్సూరంటూ కూలబడింది.

"పోలీసుల్ని పిలవమంటారా?" అన్నాడు నిపుణుడు.

మిల్లు యజమాని తల అడ్డంగా ఊపాడు. "మా ఆవిడ పోయాక భోజనం దగ్గర నా ఎదురుగా కూర్చునేది ఈవిడొక్కతే. పెద్దావిడ నిలబడి చూస్తుంటే నాకు ముద్ద దిగేదా? ఆ అసలు బొమ్మ నాకెందుకండీ?" వదినవైపు తిరిగి చేతులు జోడించాడు. "మీ దయవల్ల రెండేళ్లుగా కడుపునిండా తింటున్నానమ్మా."

తర్వాత మరిదిని పట్టుకున్నాడు. "నువ్వు మాత్రం ఇక ఈవిడ గీసినవి ఈవిడ పేరు చెప్పే అమ్మాలి. తెలిసిందా?"

"తెలిసిందండీ. నాకు చచ్చే భయమేసిందండీ" అన్నాడు మరిది. ఆ నోట్లోంచి అంత నిజం ఎప్పుడూ రాలేదు.

కుంచె తెప్పించారు. "సంతకం పెట్టండమ్మా" అన్నాడు యజమాని. ఇన్నేళ్లలో తన పేరు ఏ బొమ్మ మీదా రాసుకోలేదు వదిన. ఎక్కడ పెట్టాలో తోచక వెతికింది. కింద అంచు దాకా ముసలమ్మ పాదాలే.

ముసలమ్మ వంగి, నొప్పి కాళ్లు రెండూ చేతులతో ఎత్తి, పక్కకి జరుపుకుంది.