వార్డర్ కంటిజబ్బు

ఆ జైల్లో సెలవు దొరకాలంటే మాస్టారి చేత అర్జీ రాయించుకోవాలని వార్డర్లందరికీ తెలుసు. మాస్టారు కొండజాతి మనిషి. తమ పిల్లలకు తమ భాషలోనే చదువు చెప్పాలని ఊరేగింపు తీసినందుకు ఎనిమిదేళ్ళ శిక్ష పడింది. కానీ సర్కారు భాషలో ఆయన రాసిన అర్జీ చదివితే రాయి కూడా కరుగుతుందనేవారు. జైలరు రాయి కాదు కనుక చదవకముందే సంతకం పెట్టేవాడు.

మాస్టారి సొంత అర్జీలు మాత్రం వెళ్ళిన కాళ్ళతోనే తిరిగొచ్చేవి. తల్లి చావుబతుకుల్లో ఉంది, నాలుగు రోజులు సెలవివ్వమంటే, కొండల్లోకి వెళ్ళినవాడు తిరిగొస్తాడన్న నమ్మకం లేదన్నారు. ఆమె పోయాక అడిగితే, ఇక తొందరేముందన్నారు. ఎడమకన్ను అప్పటికే పోయింది. కుడికంట్లోనూ పోటు మొదలై, దీపం చుట్టూ రంగుల వలయాలు కనబడుతున్నాయని, పెద్దాసుపత్రికి పంపమన్నాడు. వెంట పంపడానికి వార్డర్లు లేరన్నారు. అది అబద్ధమేమీ కాదు. ఆయన రాసిన అర్జీల పుణ్యమా అని సగంమంది సెలవులో ఉన్నారు.

"కొండవాళ్ళకి చూపు పుట్టుకతోనే ఎక్కువయ్యా. కాస్త తగ్గితే మనతో సమానమవుతాడు," అన్నాడు జైలరు.

తిరిగొచ్చిన కాగితాలను ఊచల దగ్గర నిలబడి చదివి వినిపించే పని మీసాల వార్డర్‌ది. మాస్టారు అలవాటు కొద్దీ రాయగలిగేవాడే కానీ, రాసింది తనే చదువుకోలేకపోతున్నాడు. జైలరు అన్న మాటను మాత్రం మీసాల వార్డర్ చెప్పకుండా మింగేశాడు.

ఓ రోజు అతనికీ సెలవు కావలసి వచ్చింది.

"బావమరిది ఇల్లు మారుతున్నాడు మాస్టారూ. నేను చెయ్యి వెయ్యకపోతే బీరువా కదలదంటోంది మా ఆవిడ. ఏదో ఒక జబ్బు రాసిపెట్టండి."

"నాకు తెలిసిన జబ్బు ఒక్కటేనన్నా."

"అదే కానివ్వండి. జబ్బుల్లో కూడా ఏరుకుంటామా?"

గంటలో సెలవు మంజూరైంది. పైగా ఈసారి అర్జీ చదివిన జైలరు కంగారుపడి, ముందు పెద్దాసుపత్రికి వెళ్ళమని జీపు ఇచ్చాడు. అక్కడి డాక్టరు తలెత్తకుండా అర్జీ మొత్తం చదివాడు. బాధను ఇంత వివరంగా చెప్పిన రోగిని చూడలేదని మెచ్చుకున్నాడు. నిజానికి ఈ రోగినీ చూడలేదు. ఇంకో నెల ఆలస్యమైతే చూపు దక్కేది కాదని మందలించి, చుక్కలమందు రాసిచ్చాడు.

సీసా జేబులో పెట్టుకుని ఆసుపత్రి మెట్లు దిగుతూ మీసాల వార్డర్ సగంలో ఆగాడు. ఇంకో నెల అన్నది తన కంటి గురించి కాదు. బీరువా సంగతి బావమరిదికే వదిలేసి జీపును జైలుకే తిప్పించాడు.

"తల పైకెత్తండి మాస్టారూ," అన్నాడు. ఊచల్లోంచి చెయ్యి పెట్టి, పూటకు రెండు చుక్కల చొప్పున నెల్లాళ్ళూ తనే వేశాడు. పోటు తగ్గింది.

సీసా అయిపోయేసరికి గేటు వార్డర్‌కు అదే జబ్బు పట్టుకుంది. ఆ తర్వాత వంటశాల వార్డర్‌కు. ఎవరూ ఎవరితోనూ ఏమీ అనుకోలేదు. ఏడాది తిరిగేసరికి జైల్లో మంచి కళ్ళున్న వార్డరే లేకుండాపోయాడు.

అప్పుడు మాస్టారు తనను ఆసుపత్రికి పంపమని జైలరుకు మరో అర్జీ పెట్టాడు. జవాబు పట్టుకొచ్చిన మీసాల వార్డర్ ఎప్పట్లాగే గొంతు సవరించుకున్నాడు. మాస్టారు చెయ్యి చాపి కాగితం తీసుకుని, కుడికంటికి దగ్గరగా పెట్టుకున్నాడు. ఒక్కో మాటా కూడబలుక్కుంటూ పైకే చదివాడు.

"వార్డర్లందరూ కంటిజబ్బుతో బాధపడుతున్నందున ఖైదీని ఆసుపత్రికి పంపుటకు వీలుపడదు."

కాగితాన్ని ఇంకాస్త వెలుతురులోకి జరిపాడు.

"సంతకం కింద తేదీ తప్పు వేశారన్నా," అన్నాడు.

మీసాల వార్డర్ వంగి చూశాడు. నిజమే.