ఆరు కట్టలు

నా నర్సరీలో మొక్కలు నరకడానికి రైతులు పొద్దున్నే వచ్చారు. పన్నెండు మంది, చేతుల్లో కత్తులు. ఎవరూ గొంతు పెంచలేదు. గేటు తీసుకుని వచ్చి, వరసల మధ్య నడుస్తూ, గడ్డి కోసినట్టు అంటుమొక్కల తలలు కోసుకుంటూ పోయారు. నల్ల సంచులు చిరిగి మట్టి బాటంతా పరుచుకుంది. అడ్డం వెళ్లిన నన్ను వాళ్లలో పెద్దాయన చెంప మీద కొట్టాడు. పెదవి చిట్లి నోరంతా రక్తమైంది.

"ఎనిమిదేళ్లు తోట పెంచాను. మూడేళ్ల నుంచి విరగబూస్తోంది, ఒక్క కాయ నిలవడం లేదు. ఏం అంటగట్టావు మాకు?" అన్నాడు.

అంటు కట్టి మరీ అంటగట్టాను. ఇందులో దాచడానికేం లేదు, తప్పు నాదే. అందరూ పెద్దకాయ రకమే కావాలన్నారు. నా పెరట్లో ఒక పెద్దకాయ చెట్టుంది. పుల్లలన్నీ దాన్నించే కోసి వేల మొక్కలకు అంటు కట్టాను. చూడ్డానికి వేల చెట్లు, నిజానికి అన్నీ ఆ ఒక్క చెట్టే. దాని పుప్పొడి దానికే పట్టదు. ఒకప్పుడు పొలం గట్ల మీద అదే జాతి పుల్లకాయ చెట్లుండేవి. గింజ నుంచి మొలిచినవి, ఏ రెండూ ఒకలా ఉండేవి కావు. తేనెటీగలు వాటి పుప్పొడి తెచ్చి పెద్దకాయకు అంటిస్తే కాయ నిలిచేది. నోట్లో పెట్టుకోలేని కాయలెందుకని జనం వాటిని ఒక్కొక్కటే కొట్టించేశారు. కొట్టిపెట్టింది మా మరిది, చెల్లెలి మొగుడు. మిషను రంపం అతని భుజం దిగదు, అందుకని అందరూ అతన్ని రంపం అనే పిలుస్తారు.

ఇదంతా పెద్దాయనకు చెప్పాను. ఆయన కత్తి కిందికి దించలేదు.

"ఇప్పుడేం చేస్తావు?"

"పుల్లకాయ పుల్లలు తెచ్చి, మీ ప్రతి చెట్టుకూ ఒక కొమ్మ మీద అంటు కడతాను. రెండేళ్లకు ఆ కొమ్మ పూస్తే మిగతా చెట్టంతా కాస్తుంది. మా మరిది వాగు గట్టు మీద ఇంకా ఏడు చెట్లున్నాయి."

"కట్టు. ఈసారి మేమొస్తే నరికేది మొక్కల్ని కాదు."

వ్యాను వాగు దాకా తోలాను. దిగకముందే రంపం చప్పుడు వినబడింది. గట్టెక్కి చూస్తే ఆరు చెట్లు కూలి ఉన్నాయి. అప్పటికే ఆకులు వాడి వేలాడుతున్నాయి. ఏడోదాని మొదట్లో మా మరిది నిలబడి ఉన్నాడు.

"రా వదినా. మూతి వాచిందేం? అన్నయ్య చేతికి ఇన్నాళ్లకి బలమొచ్చిందా?"

"మిషను ఆపు. నాకీ చెట్లు కావాలి."

"పుల్లలేగా. కోసుకో. చెట్టెక్కే బాధ తప్పించాను," అన్నాడు మిషను ఆపి.

"కోసుకుంటాను. ఏడోది మాత్రం ఉంచు. ఇవి అంటుకోకపోతే మళ్లీ ఎక్కడ కోయను?"

"నా గట్టు, నా చెట్టు," అంటూ మళ్లీ మిషను తాడు లాగాడు.

నాకు ఓర్పు తక్కువ. చేతికందిన కొమ్మతో వీపు మీద ఒక్కటిచ్చాను. అతను మోచేత్తో నా రొమ్ము మీద పొడిచాడు. వెల్లకిలా పడ్డాను. లేచేసరికి రంపం మాను నడుములో దిగి ఉంది. ఈసారి మణికట్టు మీద, ఉన్న బలమంతా పెట్టి కొట్టాను. రంపం కోతలోంచి ఎగిరి అతని తొడ మీద పడింది. ప్యాంటూ, చర్మమూ, కండా ఒక్కసారే విచ్చుకున్నాయి. రక్తం వేడిగా నా మొహాన చిమ్మింది. రంపం గడ్డిలో గిరగిరా తిరిగి, మట్టి మింగి ఆగిపోయింది.

పైట చింపి తొడకు బిగించి, పుల్ల దూర్చి మెలిపెట్టాను. రక్తం సన్నగిల్లింది, ఆగలేదు.

"వదినా, తీసుకెళ్లు," అన్నాడు.

ఆసుపత్రికి గంట ప్రయాణం. ఎండ నెత్తి మీద ఉంది. అతన్ని దింపి తిరిగొచ్చేసరికి ఆ కొమ్మలు పొయ్యిలోకి తప్ప పనికిరావు. ఏడోదొక్కదాన్నే నమ్ముకుంటే మళ్లీ పాత కథే, అన్నీ ఒక్క చెట్టే. ఆ క్షణం అతనంటే నాకు అసహ్యం. పెద్దాయన కత్తి అంటే భయం. వాటికంటే ఎక్కువగా, ఇలాంటి ఆరు చెట్లు మళ్లీ పుట్టవన్న దిగులు నన్ను పట్టుకుంది.

"ఒక్క నిమిషం ఉండు," అన్నాను.

నిమిషం కాదు. కూలిన చెట్టు నుంచి చెట్టుకు వెళ్లి ముదరని పుల్లలు ఏరి కోశాను. అతను ముందు వదినా అని పిలిచాడు. తర్వాత బూతులు తిట్టాడు. తర్వాత వాళ్లమ్మను పిలిచాడు. తర్వాత ఏమీ అనలేదు. అప్పుడు పరిగెత్తాను. వ్యాను దాకా చంకల కింద పట్టుకుని ఈడ్చుకెళ్లాను.

ఆసుపత్రిలో అతని కాలు మోకాలి పైన తీసేశారు. ప్రాణానికి ఫరవాలేదనీ, కాస్త ముందు తెచ్చుంటే కాలు దక్కేదనీ డాక్టరు చెప్పి వెళ్లాడు. ఆ మాట అంటున్నప్పుడే చెల్లెలు వచ్చి నా పక్కన నిలబడింది. నా ఒళ్లో తడి గోనెసంచి ఉంది. అడక్కుండానే దాని మూతి విప్పింది.

ఇద్దరం నాన్న దగ్గర ఒకే బల్ల మీద అంటు కట్టడం నేర్చుకున్నాం. దానికి విడమర్చి చెప్పక్కర్లేదు. ఆరు కట్టలు. ఆకులు గిల్లి, తడిబట్ట చుట్టి, ఏ చెట్టుది ఆ కట్టగా విడివిడిగా ముడి వేసి ఉన్నాయి.

"ఇది అర్ధగంట పని, అక్కా."

"అవును."

"ఆయన పిలవలేదా?"

"పిలిచాడు."

నా జుట్టు పట్టుకుని తల గోడకేసి కొట్టింది. ఒకసారి కాదు. నర్సులు వచ్చి విడదీసేదాకా కొట్టింది. నేను చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. కట్టలు నేల మీద దొర్లాయి.

అది రొప్పుతూ కింద కూర్చుంది. ఒక పుల్ల తీసి గోటితో గీరింది. లోపల పచ్చగానే ఉంది. ఆరు కట్టలూ దగ్గరకు లాక్కుని, ఒక్కోదాన్లోంచి రెండేసి పుల్లలు తీసుకుంది. ఏ కట్టనూ వదల్లేదు.

"మా తోటలోనూ నువ్విచ్చిన చెట్లే. ఇక మాకు అదే తిండి," అంది నా మొహం చూడకుండా. "అంటు నేనే కట్టుకుంటాను. నువ్వు మాత్రం మా గడప తొక్కొద్దు."

పుల్లల్ని కొంగులో చుట్టుకుని, మొగుడున్న గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.