చమురు శాసనమున నాలవ నిబంధన

వర్షర్తువు కడపటి మేఘములు పశ్చిమాద్రి శిఖరముల నాశ్రయించి నీలకంబళములవలె వ్రేలాడుచుండగా అస్తమయారుణకాంతులు వాని యంచులను రాగరంజితములు గావించు నా సాయంసమయమున కుంతలగిరి సంస్థాన రాజధానియందు ఒక్క వీథిదీపమైనను వెలుగలేదు. సముద్రముల కావల మహాసంగ్రామము ప్రజ్వరిల్లి యైదు మాసములయ్యెను. నౌకలు రాకుండెను. కిరసనాయిలు ధర నాలుగింతలై సాలెవారి మగ్గములను సంజవేళకే నిద్రపుచ్చి పురిటిగదులను సైతము చీకటిపాలు చేసెను.

ఇట్టి దురవస్థను మాన్పుటకై యుద్ధకాలమున చమురు ధర హెచ్చించు వర్తకులను కారాగృహమునకు బంపు శాసనమొకటి దివానుగారు సంస్థాన శాసనసభయందు ప్రతిపాదించిరి. సభ్యులలో వృద్ధుడును పూర్వము మునసబు పదవి నలంకరించినవాడును నగు దువ్వూరి భైరవమూర్తి పంతులు అది విని మొదట మిక్కిలి సంతసించెను. కాని ప్రేక్షకుల నడుమ గూర్చుండి యందఱికంటె ముందుగా కరతాళధ్వనులు చేసిన పురుషుని జూచినంతనే యాతని సంతోషము చల్లారిపోయెను. ఆ పురుషుడు సంస్థానమందలి కిరసనాయిలు వ్యాపారమునంతయు గుప్పిట బట్టుకొన్న పువ్వాడ కనకలింగము శెట్టి. గొఱ్ఱెల దొడ్డికి కంచె వేయుచుండగా తోడేలు వచ్చి మెచ్చుకొనునా యని పంతులు తనలో దాననుకొనెను.

మఱునాటి యుదయమున శాసనప్రతిని ముందుంచుకొని యక్షరమక్షరము శోధింపగా నాలవ నిబంధనయొద్ద ఆతని వ్రేలు నిలిచెను. శాసనము అమలునకు వచ్చు దినమున అంగడిలో నున్న ధరకు మించి యమ్మరాదని యందుండెను. అమలుదినమో యింకను పక్షమున కావల నుండెను. ఈ పదునైదు దినములలో శెట్టి ధరను మింటికెత్తినచో నా మింటిధరయే ధర్మధర యగును. దోపిడిని మాన్పవలసిన చట్టమే దోపిడికి రాజముద్ర వేయును.

ముసాయిదా వ్రాసినవాడు పంతులొద్దనే న్యాయశాస్త్ర మభ్యసించి యాతని సిఫారసుచే కొలువు సంపాదించిన ఓరుగంటి నరహరి. నరహరి క్రొత్తయిల్లు కట్టుచుండుటయు శెట్టి కుమారుని వివాహమున ముందువరుసలో గనబడుటయు నొకదానివెంట నొకటిగా జ్ఞప్తికి రాగా పంతులు తిన్నగా కచేరికి బోయి శిష్యుని యెదుట నిలిచెను.

"నరహరీ, నాలవ నిబంధన నెవ్వరికొఱకు వ్రాసితివి?"

నరహరి ముఖము వెలవెలబోయెను. బీరువా తెఱచి తొలిప్రతిని దెచ్చి చేతికిచ్చెను. అందు యుద్ధారంభమునకు ముందుదినపు ధరయని స్పష్టముగా నుండెను. పిదప, సభకు రాకమునుపు ముసాయిదాను బరిశీలించిన ఉపసంఘము చేసిన సవరణల పత్రమును జూపెను. అందా మాటలు కొట్టివేయబడి యుండెను. ఎవ్వరి ప్రేరణచే గొట్టివేయబడెనో పత్రమున లేదు. క్రింద ఉపసంఘాధ్యక్షుని వ్రాలు మాత్రముండెను. పేరునకు మాత్రమే యా పీఠమున నున్న ఆ యధ్యక్షుడు భైరవమూర్తి పంతులే. గడచిన మాసమున కుమార్తె ప్రసవవార్త విని బండి యెక్కబోవుచు దివానుగారి గుమాస్తా చాచిన కాగితముపై చదువకయే చేసిన వ్రాలది.

"తాము చదువక వ్రాలు చేయరని నమ్మితిని. కావుననే యడుగజాలనైతిని" అని నరహరి మెల్లగా బలికెను.

తరువాతి సభలో పంతులు లేచి తొలిప్రతిలోని మాటలనే మరల జేర్పవలెనని సవరణ ప్రతిపాదించెను. తాము సమ్మతించినదానిని తామే త్రోసిపుచ్చుట యెట్లని దివానుగారు చిఱునవ్వుతో నడిగిరి.

"చదువక సమ్మతించితిని. ఆ దోషము నాది. దానికి ప్రజలేల చీకటిలో గూర్చుండవలెను?" అని పంతులు పలికెను.

ఇరువురి యాధిక్యముతో సవరణ నెగ్గెను. శెట్టి ఉత్తరీయము సవరించుకొని నడుమనే లేచిపోయెను. మాసము తిరుగకమున్నే ధర దిగివచ్చెను.

అయినను పంతులు తన వ్రాలును శెట్టికి అమ్ముకొనెననియు బేరము చెడుటచేతనే యెదురు తిరిగెననియు ఊరిలో సగము మంది చెప్పుకొనిరి. తాను శంకింపగా లేనిది జనులు శంకింపరాదా యని యాతడెవ్వరికిని బదులు చెప్పలేదు. నరహరి యింటికి మాత్రము నడచిపోయి క్షమింపుమని వేడెను. నరహరి పీట వేసి మజ్జిగ యిచ్చి గడపదాక సాగనంపెను. శాసనమందలి మాటను సభ మార్చగలదు గాని విశ్వాసమును దప్పి పలికిన మాటను మార్చు సభ యెక్కడను లేదు. అంతవరకు ఆచార్యా యని పిలుచుచుండిన యా శిష్యుడు నాడు గడపయొద్ద చేతులు జోడించి మిక్కిలి వినయముతో పోయిరండు పంతులుగారూ యనెను.