పదిహేడో నంబరు పిన్ను

రాళ్లు మోసే టబ్బులను కలిపే ఇనప పిన్ను అది. విరిగిపోయింది. దాన్ని ఫోర్‌మన్ గుండూరావు బల్ల మీదికి విసిరాడు. గని కూలీ ఎల్లప్ప నెత్తురు దాని మీద ఎండి ఉంది.

"పదిహేడు నంబరు ఎవడిదిరా?"

గని వర్క్‌షాపులో ఎవరు చేసిన ముక్క మీద వాళ్లు తమ నంబరు పంచ్‌తో కొట్టాలి. పదిహేడు పిల్లప్పది. పదేళ్లు ఎల్లప్ప పక్కనే గనిలో రాయి కొట్టి, ఊపిరి చెడ్డాక పైకొచ్చి, ఇనుమును తిప్పి కోసే లేత్ పని నేర్చుకున్నాడు. నేర్పినవాడు ముసలి శ్రీరామప్ప. "పిన్ను సన్నమయ్యే తావున మూల గుండ్రంగా వదలప్పా. పదునుగా కోస్తే ఆడ్నే ఇరుగుతాది." అదే మొదటి పాఠం.

గుండ్రం మూలకని టూలు మార్చడం టయిము దండగన్నాడు గుండూరావు. పదునుగానే కొయ్యమన్నాడు. పిల్లప్ప కోశాడు. నిన్న వాలు మీద ఆ పిన్ను విరిగి, నిండు టబ్బు తెగి జారి ఎల్లప్పను చంపేసింది.

"పని రాకుండా చేసినావు. తప్పు నాదేనని రాసి సంతకం పెట్టు."

పిల్లప్ప గుండూరావు మెడను చూశాడు. లేత్‌లో బిగించిన కడ్డీని చూసినట్టు, ఎంత లావో, టూలు ఎక్కడ ఆనించాలో. ఆ తలపుకు అతను భయపడలేదు. కోసిన చెయ్యి తనదే. అదే చెయ్యి ఇప్పుడు సంతకానికీ లేస్తోంది. దానికి భయపడ్డాడు.

శ్రీరామప్ప ఆ చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వొక్కడే కోసినావేమప్పా? మేమంతా కొయ్యలేదా?"

లేత్‌లు ఒక్కొక్కటే ఆగాయి. చెన్నప్ప తన పిన్నులు బల్ల మీద కుమ్మరించాడు. అన్నిటికీ అదే పదును మూల. పదిహేడు పంచ్ తీసుకుని తన నంబరు పక్కనే కొట్టాడు. తర్వాత ఆంజినప్ప. తర్వాత అందరూ.

"ఇంగ తప్పు యెవుర్దని రాపిస్తావు సార్?" అన్నాడు శ్రీరామప్ప.

"పిన్నులు గట్టివే! వీడు చేసిందే చెడింది!"

పిల్లప్ప ఒక పిన్ను ఎత్తాడు. "గట్టివా? రాండి సార్. నిండు టబ్బును దీంతోనే కడతాము. ఎల్లప్ప నిలబడిన తావులో మీరు నిలబడండి. నిలబడితే సంతకం పెడతా."

గుండూరావు నవ్వబోయాడు. కాళ్లు మాత్రం ఒకడుగు వెనక్కి వేశాయి. ఆ అడుగును అందరూ చూశారు.

గుండూరావు కేకకు కాపలావాళ్లు వచ్చి పిల్లప్పను పట్టుకుపోయారు. శ్రీరామప్ప పిన్నుల గంప నెత్తికెత్తుకుని గని దగ్గరికి నడిచాడు. వెనక వర్క్‌షాపంతా నడిచింది. దిగబోతున్న కూలీల చేతికి ఒక్కొక్కటే అందించాడు.

"వేలు పెట్టి సూడండన్నా. ఈడ్నే ఇరిగేది."

వాళ్లలో మునియప్ప వేలితో మూలను తడిమాడు. తల మీది దీపం ఆర్పి, టోపీ నేల మీద పెట్టాడు.

"ఆ సారును పిల్చుకోని రాండప్పా. ఈ పొద్దు ముందు ఆయప్పనే గనిలోకి దించుదాము."