తలకిందుల హంస ధర

నేను ఒక అణా ఖరీదు చేసే తపాలా బిళ్ళను. ఇప్పుడు నా ఖరీదెంతో ముందే చెబితే మీరు కుర్చీలో సర్దుకుని కూర్చుని, నన్ను ‘మీరు’ అని పిలవడం మొదలుపెడతారు. అందుకని కాసేపు ఆగి చెబుతాను. ఎనభై ఏళ్ళకు పైగా మనుషుల చేతుల్లో ఉన్నాను. మీ మర్యాద ఏ అంకె దగ్గర మొదలవుతుందో నాకు తెలుసు.

నేను పుట్టింది రాళ్ళకోట అనే చిన్న సంస్థానంలో. పటంలో వెతకకండి, ఇప్పుడు లేదు. అక్కడి రాజావారికి సొంత స్టాంపులు వేయించుకోవాలని మోజు పుట్టింది. అవి బయటి ఊళ్ళకు కూడా చెల్లేలా ఒప్పందం చేసుకున్నారు. ఎర్ర చట్రంలో నీలి హంస, అదీ నా బొమ్మ. రెండు రంగులు కాబట్టి ప్రతి కాగితమూ రెండుసార్లు యంత్రంలోకి వెళ్ళాలి. ఒక మధ్యాహ్నం అచ్చుపనివాడు అన్నం తిని వచ్చి, కునికిపాట్లు పడుతూ ఒక కాగితాన్ని తిరగేసి పెట్టాడు. దాని మీద ఉన్న నలభై హంసలకూ కాళ్ళు పైకి వచ్చాయి. లెక్కచూసుకోవలసిన గుమాస్తా దొంతర మీద చెయ్యి వేసి చూశాననిపించాడు. ఒకడి నిద్ర, ఇంకొకడి బద్ధకం, నా గొప్పతనమంతా ఇంతే. దీన్ని పట్టుకుని ఇవాళ పెద్దపెద్దవాళ్ళు భూతద్దాలు పెట్టుకుని ఊపిరి బిగబడతారు. సరిగ్గా అచ్చయిన నా తోటి బిళ్ళలు లక్షల్లో ఉన్నాయి. వాటి మొహం ఎవరూ చూడరు.

నన్ను కొన్నది పాపక్క అనే నేతపని ఇంటి మనిషి. అది పందొమ్మిదివందల నలభై ఒకటి. ఆమె అన్న కొంక నర్సయ్య, బట్ట ఊరికే ఇమ్మన్న దొర మనిషిని కొట్టి, రాత్రికి రాత్రి షోలాపూరు పారిపోయి అక్కడ మిల్లులో చేరాడు. పాపక్క బడిపంతులు చేత ఉత్తరం రాయించింది. నువ్వు రాకు, వస్తే చంపుతారు, నువ్వు చచ్చిపోయావని ఊళ్ళో చెప్పాను, నమ్మాలని నీ దినాలు కూడా చేయించాను, మళ్ళీ ఉత్తరం రాయకు, నువ్వు బతికితే చాలు. ఇదీ అందులోని సంగతి. బతికున్న అన్నకు పిండం పెట్టిన ఆ మనిషి నన్ను నాలుకతో తడిపి కవరు మీద అంటించింది. హంస తలకిందులుగా ఉందని ఆమె గమనించనే లేదు. గమనించే స్థితిలో లేదు.

నేను చేసిన పని అదొక్కటే. అణా తీసుకున్నాను, ఉత్తరం చేర్చాను.

మిల్లులో పక్క మగ్గం మనిషి ఆ ఉత్తరాన్ని నర్సయ్యకు ఒకసారి చదివి వినిపించాడు. నర్సయ్యకు చదువు రాదు. దాన్ని మడిచి, కవరులో పెట్టి, రేకు పెట్టెలో బట్టల కింద దాచాడు. ఆ సంగతీ ఎవరికీ చెప్పలేదు, తన ఊరి పేరూ చెప్పలేదు. షోలాపూరు నిండా మన ఊళ్ళవాళ్ళే. ఒక్క మాట జారితే అది దొర చెవిన పడుతుంది, చెల్లెలి మెడకు చుట్టుకుంటుంది. మరుసటేడు కలరాలో పాపక్క పోయిందని పంతులు కబురు పంపితే కూడా అతను వెళ్ళలేదు. ఉత్తరం వచ్చిందని మాత్రమే తెలిసిన కులంవాళ్ళు, రమ్మని రాసి ఉంటుందనుకుని, మొహం మీదే తిట్టారు. చెల్లెలు పిలిచినా పోలేదు, చచ్చినా పోలేదు, వీడూ ఒక అన్నేనా అన్నారు. పెళ్ళాం అంది. పెరిగాక కూతురు కూడా అంది. దొరతనం పోయి నిజం చెప్పుకోగలిగే రోజులు వచ్చేసరికి, చదివి వినిపించిన మనిషి లేడు, నర్సయ్యను అడిగేవాళ్ళూ లేరు. అతను డెబ్బై తొమ్మిదిలో పోయాడు. రేకు పెట్టె కూతురికి, ఆమె తర్వాత ఆమె కూతురు అంబుబాయికి వచ్చింది. అంబుబాయి బీడీలు చుట్టి బతికే మనిషి. ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది, చదువుకున్న నాలుగు తరగతులూ మరాఠీలో.

చక్రపాణిగారు రంగంలోకి వచ్చింది రెండువేల తొమ్మిదిలో. హైదరాబాదులో బీమా కంపెనీలో పనిచేసి రిటైరయ్యాడు. పాత స్టాంపులు కొని అమ్ముతాడు. చేనేతవాళ్ళ పేటల్లో పాత ఉత్తరాలు దొరుకుతాయని షోలాపూరు తిరుగుతూ అంబుబాయి గడపలోకి వచ్చాడు. పెట్టెలోంచి నన్ను తీయగానే అతను జేబులోని భూతద్దం తీయబోయి మానుకున్నాడు.

‘‘చూశారామ్మా, బొమ్మ తప్పు పడింది. దీనికేం రాదు. మా మనవడు ఇలాంటివి అట్టల మీద అంటించుకుంటాడు, వాడి కోసం తీసుకుంటాను’’ అన్నాడు.

రెండు వందలు ఇచ్చాడు. లోపలి కాగితం తీసి ఆమె చేతిలో పెట్టాడు. ‘‘ఇది మీరే ఉంచుకోండి, మీ పెద్దవాళ్ళది’’ అన్నాడు, దానం చేస్తున్నట్టు. అతనికి మనవడు లేడు.

ఆ తర్వాత పన్నెండేళ్ళు నేను అతని బీరువాలో, ప్లాస్టిక్ తొడుగులో ఉన్నాను. చక్రపాణిగారికి స్టాంపులంటే ప్రాణమని నలుగురూ అనేవారు. అబద్ధం. నన్ను బయటికి తీసిన ప్రతిసారీ పక్కన వేలం జాబితా ఉండేది. నా తోబుట్టువు ఒకటి, కవరు లేకుండా, మూల చిరిగినది, లక్షన్నరకు పోయిందని చదివిన రోజు తొడుగు మీద చెయ్యి వేసి నిమిరాడు. అది నాలుగు లక్షలయిన ఏడాది బీరువాకు రెండో తాళం వేయించాడు. తర్వాత మహమ్మారి వచ్చి జనం ఇళ్ళలో కూర్చున్నారు. ఏం తోచక, డబ్బు ఎక్కడ పెట్టాలో తెలియక, జీవితంలో ఒక్క ఉత్తరం రాయనివాళ్ళు కూడా ఫోన్లలో గుంపులు కట్టి స్టాంపుల మీద పడ్డారు. ధర ఎందుకు పెరుగుతోందని ఒకడు అడిగితే, అందరూ కొంటున్నారు కాబట్టి అని ఇంకొకడు చెప్పేవాడు. అందరూ ఎందుకు కొంటున్నారంటే, పెరుగుతోంది కాబట్టి. ఇంత లోతైన సంభాషణ నేను రాజావారి దర్బారులో కూడా వినలేదు.

చివరికి చక్రపాణి నన్ను బొంబాయిలోని ఒక వేలం సంస్థకు చూపించాడు. వాళ్ళు నన్ను అటూ ఇటూ తిప్పి, దొంగ హంసలు బజారులోకి వస్తున్నాయన్నారు. లోపలి ఉత్తరం కూడా ఉంటే అనుమానమే ఉండదు, ధర రెట్టింపవుతుందన్నారు. పన్నెండేళ్ళ కిందట ధర్మప్రభువులా వదిలేసిన కాగితం కోసం చక్రపాణి ఆ వారమే షోలాపూరు రైలెక్కాడు. మడతలు సరిపోల్చి చూసుకోవడానికి నన్ను కూడా సంచిలో పెట్టుకున్నాడు.

అంబుబాయికి అరవై దాటాయి. చాటలో తునికాకు పెట్టుకుని బీడీలు చుడుతూ ఉంది. ఉత్తరం ఉందా అని అడిగితే, ఉందని తీసి ఇచ్చింది. ఇచ్చి, ‘‘నువ్ తెలుగు సదువుతవ్ గద సార్. ఏం రాసున్నదో జెర సదివి చెప్పు. మా తాత పండుగకు పండుగకు దాన్ని తీసుకొని కూసుంటుండె’’ అంది.

అతను నన్ను సంచిలోంచి తీసి పక్కన పెట్టుకుని ఉత్తరం చదివాడు. ముందు కళ్ళతో, మొత్తం. అతని చూపు ఒకచోట ఆగడం నేను చూశాను. అప్పుడైనా మనిషి అవుతాడేమోననుకున్నాను. బీమా కంపెనీలో ముప్ఫై ఏళ్ళు చేసినవాడి నుంచి నేను ఎక్కువే ఆశించాను. ఉత్తరంలో ఇంత ఉందని తెలిస్తే ఆమె ఇవ్వదని అతనికి అర్థమయింది.

‘‘ఏముందమ్మా, క్షేమసమాచారాలు. వానలు బాగా పడ్డాయట. పండక్కి చీర పంపమని అడుగుతోంది. అంతే.’’

అంబుబాయి చేతిలోని బీడీకి దారం చుట్టడం పూర్తి చేసింది. తర్వాత అంది.

‘‘చీర కోసం మా తాత ఏడ్వడు సార్.’’

‘‘పాతకాలం వాళ్ళు కదమ్మా, దేనికైనా ఏడుస్తారు. ఈ కాగితానికి యాభై వేలు ఇస్తాను.’’

అదే అతని తప్పు. చీర కోసం రాసిన కాగితానికి యాభై వేలు ఇచ్చేవాడు లోకంలో లేడని బీడీలు చుట్టే మనిషికి తెలుసు. ఆమె ఉత్తరాన్ని అతని చేతిలోంచి తీసుకుని, గోడ అవతలికి కేక వేసింది. పక్కింటి రాజమణి వచ్చింది. సిరిసిల్ల నుంచి కోడలిగా వచ్చిన మనిషి, ఏడో తరగతి దాకా తెలుగులో చదువుకుంది. గడపలో కూర్చుని, వేలు పెట్టి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివింది. ‘నీ దినాలు చేసిన’ అన్న చోట ఆగి, మళ్ళీ మొదటి నుంచి చదివింది, తనే తప్పు చదివాననుకుని.

అంబుబాయి చాటను పక్కకు జరిపింది.

‘‘రావద్దని రాసిందా?’’

‘‘రావద్దనే రాసింది వదినె. రెండు పాలి రాసింది.’’

‘‘మా అమ్మ సచ్చేదాంక తాతను తిట్టింది. నేను గూడ తిట్టిన. అన్నం పెట్టుకుంట తిట్టిన’’ అంది అంబుబాయి. కొంగుతో మొహం తుడుచుకుని చక్రపాణి వైపు తిరిగింది. ఆమె గొంతు పెంచలేదు. ‘‘సదువుకున్నోనివి. గట్లెందుకు సదివినవ్ సార్?’’

చక్రపాణి అప్పుడు చేసింది మీరు ఊహించగలరు, మీరూ మనుషులే కదా. ధర పెంచాడు. లక్ష అన్నాడు. రెండు లక్షలు అన్నాడు. ఐదు దాకా వచ్చాడు. వెయ్యి బీడీలు చుడితే వచ్చే కూలితో సంసారం నడిపే ఇంట్లో ఐదు లక్షలంటే ఏమిటో అందరికంటే ఆమెకే బాగా తెలుసు. రాజమణి ఆమె మొహం వంక చూసింది. అంబుబాయి ఉత్తరాన్ని చూసింది, పైకప్పు రేకుల వంక చూసింది, మళ్ళీ ఉత్తరాన్ని చూసింది. ఆ కొద్ది క్షణాలు ఆమె నిజంగానే ఆలోచించింది. ఆలోచించలేదని చెబితే నేను అబద్ధమాడినట్టు.

‘‘కులం పంచాయితికి కూసున్నప్పుడు దీన్ని సదివించాలె. తాతను తిట్టినోళ్ళ పిల్లలున్నరు, ఆళ్ళు వినాలె’’ అంది. ‘‘ఆ కవరు గూడ ఇచ్చిపో. నీ రెండు వందలు నీకిస్త.’’

నేను జీవితంలో ఒక్కసారి ఏదైనా కోరుకున్నానంటే అప్పుడే. చక్రపాణి నన్ను సంచిలో పెట్టుకుని లేచాడు. కొన్నది కొన్నదేనమ్మా, అదంతే, అన్నాడు. చెప్పుల్లో కాళ్ళు పెట్టడానికి అతనికి చాలాసేపు పట్టింది.

ఉత్తరం లేకుండానే నేను వేలానికి వెళ్ళాను. ఉత్తరం లేకపోతే సగమే అన్నవాళ్ళు, గదిలో ఇద్దరు పోటీపడేసరికి ఆ మాట మరిచిపోయారు. ముప్ఫై ఎనిమిది లక్షలు. ఇదిగో, చెప్పాను. ఇప్పుడు సర్దుకుని కూర్చోండి. కొన్నవాడు సిమెంటు వ్యాపారి. ఫోనులో పాడుకున్నాడు, నన్ను చూడలేదు. నన్ను గట్టి ప్లాస్టిక్ పలకలో బిగించి, నంబరు వేసి, బ్యాంకు లాకరులో పెట్టించాడు. ఏడాది తిరక్కుండా నన్ను వంద వాటాలు చేసి వందమందికి అమ్మాడు. ఇప్పుడు నా యజమానుల్లో ఒకడికి నా తోక, ఒకడికి నా ముక్కు. వాళ్ళలో ఎవరూ నన్ను చూడలేదు. రోజూ ఫోను తీసి నా ధర చూసుకుంటారు, పెరిగితే ఆ పూట సంతోషంగా అన్నం తింటారు.

వాటాల ధర ఇంకా పెంచడానికి మొన్న నన్ను హైదరాబాదులో ఒక ప్రదర్శనకు పెట్టారు. అద్దాల పెట్టె, లోపల దీపం, పక్కన తుపాకీ మనిషి. మూడు రోజులు జనం వరసకట్టి వచ్చారు. అందరూ పక్కనున్న కాగితం మీది ధర ముందు చదివి, తర్వాత హంసను చూసి, అబ్బా అన్నారు. ధర చదవకముందు అబ్బా అన్నవాళ్ళు ఒక్కరూ లేరు.

ఆఖరి రోజు మధ్యాహ్నం అంబుబాయి వచ్చింది. నా బొమ్మ పేపర్లో పడితే రాజమణి చూపించిందట. ఇద్దరూ రాత్రంతా రైల్లో కూర్చుని వచ్చారు. అంబుబాయి చాలా నెరిసిపోయింది. అద్దం దగ్గరికి వంగింది. నన్ను చూస్తుందని, ఇన్ని లక్షలు పోయాయే అనుకుంటుందని నేను సిద్ధంగా ఉన్నాను. మనుషులతో ఇన్నేళ్ళు గడిపాక అంతకన్నా ఏం అనుకుంటాను?

ఆమె నన్ను చూడలేదు. నా కింద పంతులు సిరాతో రాసిన చిరునామా మీద అద్దం పైనుంచి వేలు పెట్టింది. ఉత్తరం చదివించుకున్నాక గడిచిన మూడేళ్ళలో రాజమణి దగ్గర అక్షరాలు నేర్చుకుందని నాకప్పుడే తెలిసింది. ఒక్కో అక్షరం దగ్గర ఆగి, గుణింతం చూసుకుని, పెదవులు కదిపింది.

‘‘కొం... క... నర్... సయ్య... గారికి’’ అంది. రాజమణి వైపు తిరిగింది. ‘‘గారు అని రాసిందే. తాతకు గారు పెట్టింది.’’

‘‘అన్న గద మరి’’ అంది రాజమణి.

తుపాకీ మనిషి దగ్గరికొచ్చి, ‘‘అమ్మా, అద్దం ముట్టుకోవద్దు, చాలా ఖరీదైంది’’ అన్నాడు. అంబుబాయి వేలు తీసేసింది. వెనక వరసలో ఎవడో తొందర పెడుతున్నాడు. ఆమె వాడిని పట్టించుకోలేదు. వేలు లేకుండా, కళ్ళతోనే, ఆ పేరును మళ్ళీ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది.