ఎరుపు లేని బొమ్మ

పంపుల్లో నీళ్లు ఎలా పరుగెడతాయో కంప్యూటర్లో లెక్కగట్టడం నా ఉద్యోగం. పంపు గోడకు నీళ్ల తాకిడి ఎక్కువైన చోట బొమ్మలో ఎరుపు పడుతుంది, తక్కువైన చోట నీలం. రూపం మార్చి మార్చి ఆ ఎరుపును తగ్గించినందుకే నాకు జీతం. "ఇవాళ ఎన్ని రంగులు పూశావక్కా?" అని తమ్ముడు రోజూ ఏడిపించేవాడు. ఏడిపిస్తూనే ఆ బొమ్మలు చదవడం నేర్చుకున్నాడు.

వాడి గుండె దగ్గర పెద్ద రక్తనాళం ఉబ్బిందన్నారు. స్కాన్ తెచ్చుకుని లెక్కకు కూర్చున్నాను. బ్రహ్మాండంగా కుదిరింది. లోపల పెట్టే గొట్టానికి నేననుకున్న వంపు ఉంటే, ఉబ్బిన గోడ జోలికి రక్తం పోనే పోదు.

డాక్టరు నా కాగితాలన్నీ ఓపిగ్గా చూశాడు.

"బాగా చేశారమ్మా. కానీ ఈ వంపుతో గొట్టాలు రావు. చేయించేదాకా ఆ గోడ పగలకుండా ఆగదు. రేపు పొద్దున ఉన్నవాటిలో దగ్గరిది పెట్టేస్తాం."

అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటే ఇదే.

ఆస్పత్రి గదిలోనే, వాడి మంచం పక్కన కూర్చుని, ఆ దగ్గరి గొట్టంతో మళ్లీ లెక్క వేశాను. వంపు దగ్గర ముద్ద ఎరుపు. ఎన్నిసార్లు వేసినా అదే. నా చదువు మీద నాకే అసహ్యం వేసింది.

అమ్మ నా భుజం మీదుగా తొంగిచూసింది. "ఆ ఎర్రదేమిటే? అది పోదా?"

బొమ్మ పక్కన రంగుల పట్టీ ఉంటుంది. ఎంత తాకిడికి ఎరుపు పడాలో పట్టీ పైకొసన ఉన్న అంకె చెబుతుంది. దాన్ని పెంచితే ఎంత తాకిడైనా నీలంగానే కనిపిస్తుంది. రక్తం మాత్రం గోడను ఎప్పట్లాగే కొడుతుంది. కొత్తగా చేరినవాళ్లు ఆ పని చేస్తే చెడామడా తిట్టేదాన్ని. ఇప్పుడు నా చేతిలో ఉన్నది అదొక్కటే. అంకె పెంచాను.

"పోయింది చూడు."

"నా తల్లే. నీ చదువు ఇవాళ అక్కరకొచ్చింది." కళ్లు తుడుచుకుంటూ నాన్నకు చెప్పడానికి బయటికి వెళ్లింది.

తమ్ముడు లాప్‌టాప్ తనవైపు తిప్పుకున్నాడు. బొమ్మను కాదు, పక్కనున్న పట్టీని చాలాసేపు చూశాడు.

"పై అంకె పెంచావా?"

లాప్‌టాప్ మూత వెయ్యబోయాను. వాడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండనివ్వక్కా. అమ్మ మళ్లీ చూస్తానంటుంది."