నొక్కి తిప్పే మూత

"మీ బిళ్ళలు ఆ డబ్బాలో పోయనంటే పోయను, అత్తయ్యా," అంది కోడలు. ఆ మాట ఎన్నిసార్లు అందో ఆమెకే గుర్తు లేదు. "పౌడరు డబ్బా అది. దాని మూత ఊదితే ఊడొస్తుంది."

"ఊడొస్తుందనే కదమ్మాయ్ అడుగుతున్నా. నీ మూత నా ప్రాణం పోయినా ఊడదు."

"ఇంట్లో పిచ్చుక ఉంది."

పిచ్చుక అంటే నాలుగేళ్ళ మనవరాలు. అప్పుడది బల్ల కింద కూర్చుని తన గుడ్డ ఏనుగుకి జడ వెయ్యాలని చూస్తోంది.

"పిచ్చుకని చూసుకోవడానికి నేను లేనూ? వాళ్ళ నాన్నని పెంచలేదూ?"

"పెంచావు కాబట్టే ఇలా తయారయ్యాను," అన్నాడు ఆ నాన్న, తల దువ్వుకుంటూ. "మీ ఇద్దరి మధ్యా నేనూ ఆ మందు డబ్బా మూతలాగే అయిపోయాను. ఎవరు తిప్పినా తిరుగుతాను. ఏదీ తెరుచుకోదు."

ఎవరూ నవ్వలేదు. కోడలు బిళ్ళల డబ్బా తీసుకెళ్ళి అత్తగారి మంచం పక్కన అలమరలో పెట్టేసి ఆఫీసుకి వెళ్ళిపోయింది.

ఆమె ప్లాస్టిక్ డబ్బాల కంపెనీలో డిజైన్ సెక్షన్‌లో పనిచేస్తుంది. ఆ మూత ఆమె గీసిందే. చూడటానికి ఒకటే అయినా నిజానికి అవి ఒకదాన్నొకటి పట్టుకున్న రెండు మూతలు. ఊరికే తిప్పితే పైది టకటకమంటూ తిరుగుతుంది గాని లోపలిది కదలదు. అరచేత్తో గట్టిగా నొక్కి, ఆ నొక్కు వదలకుండా తిప్పితే రెండూ కలిసి చప్పుడు లేకుండా వచ్చేస్తాయి. చిన్నపిల్లలకి ఆ రెండు పనులూ ఒకేసారి చెయ్యాలని తోచదు. డ్రాయింగులో 'పని' అన్న గడిలో ఆమె రెండే మాటలు రాసింది: పిల్లలు తీయలేరు.

"వస్తువు పుట్టకముందే దాని పని పుట్టాలమ్మా. నీ గీతలో అది పుట్టింది," అని మెచ్చుకున్నాడు సెక్షన్ పెద్దాయన. వచ్చే నెల నుంచి ఆ మూతలు మందుల కంపెనీకి వెళ్ళబోతున్నాయి. మొదట తయారైన డబ్బాల్లో ఒకదాన్ని ఆమె ఇంటికి తెచ్చి, అత్తగారి షుగరు బిళ్ళలు తన చేత్తోనే అందులో పోసింది. చుట్టాలొస్తే అత్తగారే ఆ డబ్బా చూపించి, "మా కోడలు కనిపెట్టింది, దొంగకి కూడా రాదు" అని చెప్పుకునేది. ఆవిడ వేళ్ళు మాత్రం కణుపుల దగ్గర ఉబ్బి, కొంచెం పక్కకి వంగి ఉంటాయి. తడిగుడ్డ పిండాలన్నా ఎవరో ఒకరు అందుకోవాలి.

ఆ రోజు తర్వాత అత్తగారు పౌడరు డబ్బా మాటెత్తలేదు. పొద్దున్నే ఆవిడ గదిలోంచి వినిపించే టకటకలూ ఆగిపోయాయి. మూత ఎప్పుడు చూసినా బిగించే ఉంటోంది. ఆవిడకి చెయ్యి తిరిగిందనుకుంది కోడలు. నేనే గెలిచానని కూడా లోపల కాస్త అనుకుంది.

సెలవు రోజు మధ్యాహ్నం ఆమె ముందుగదిలో ఆరిన బట్టలు మడతపెడుతోంది. అత్తగారి గదిలోంచి టకటకమని వినిపించింది. కాసేపాగి మళ్ళీ టకటక. తర్వాత ఆగిపోయింది.

బిళ్ళ వేసుకుంటున్నారు కాబోలు అనుకుని ఇంకో తువ్వాలు తీసుకుంది. దాన్ని సగం మడిచేసరికి స్నానాల గదిలో చెంబుతో నీళ్ళు పోసుకుంటున్న చప్పుడూ, దానితోపాటు అత్తగారి దగ్గూ వినిపించాయి.

తువ్వాలు చేతిలో ఉండగానే ఆమె పరుగెత్తింది.

పిచ్చుక నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఎదురుగా బొమ్మలన్నీ వరసగా పడుకుని ఉన్నాయి. ఒక్కొక్కదాని పక్కనా ఒక తెల్లబిళ్ళ. మూత పిచ్చుక బొటనవేలికి టోపీలా ఉంది.

"ఏం తిన్నావ్? నోరు తెరు! ఎన్ని తిన్నావే?"

"నేను కాదు. ఏనుక్కి జ్వరం. ఏనుగు తినేసింది."

"నువ్వు తిన్నావా లేదా?"

తల్లి గొంతుకి హడలి పిచ్చుక ఏడుపు మొదలెట్టింది. నోట్లో ఏమీ కనిపించలేదు. మింగిన బిళ్ళ నోట్లో ఎందుకుంటుంది?

ఆసుపత్రిలో డాక్టరమ్మ పిచ్చుక వేలు గుచ్చి రక్తం చూసింది. "ఇప్పటికి బాగానే ఉంది. కానీ మీరు చెప్పిన బిళ్ళ ఒక్కటి మింగినా పిల్లకి షుగరు పడిపోతుంది. వెంటనే పడకపోవచ్చు. రేపటిదాకా ఇక్కడే ఉంచాలి. మత్తుగా ఉంటే చెప్పండి."

పిచ్చుక అప్పుడే ఆవలించింది. అది రోజూ నిద్రపోయే వేళ.

తల్లి ఆ ఆవలింత చూసి దాని మొహం మీదికి వంగింది. ఇది రోజూ వచ్చే నిద్రా, లేక ఆ నిద్రా? ఈ పిల్ల కళ్ళు వాలడాన్ని ఆమె ఇన్నాళ్ళూ ముద్దుగా చూసుకుంది. ఇప్పుడు రెప్ప కిందికి దిగినప్పుడల్లా బుగ్గ తడుతోంది. "పిచ్చుకా, నన్ను చూడు. ఏనుగు పేరేంటి? చెప్పు, ఏనుగు పేరేంటి?"

"ఏనుగు," అంది పిచ్చుక విసుగ్గా.

భర్త ఇంటికెళ్ళి ఏనుగుని కోశాడు. తొండం దగ్గర కుట్టు ఊడిన చోట వేలు పెట్టి, లోపలి దూదంతా నేల మీద పరిచి వెతికి ఫోన్ చేశాడు. "దొరికాయి. నేల మీదవీ, దూదిలోవీ, డబ్బాలోవీ అన్నీ కలిపి చూశాను. నిన్ననే కదా తెచ్చింది, కవరు మీదుంది లెక్క. అమ్మ వేసుకున్నవి పోను..." బిళ్ళలు మళ్ళీ లెక్కపెట్టాడు. "ఒకటి తగ్గింది."

భర్త తిరిగొస్తూ తెచ్చిన డబ్బాని నర్సు అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది పిల్లలకి రాని మూతే కదండీ? మరి ఎవరు తీసిచ్చారు?"

"నాకు వచ్చు," అంది పిచ్చుక. లేచి కూర్చుని, డబ్బాని పొట్టకి ఆనించుకుని, రెండు అరచేతులూ మూత మీద పెట్టి ఒళ్ళంతా వేసి నొక్కింది. నొక్కుతూ తనలో తను చెప్పుకుంది, అచ్చం నానమ్మ గొంతుతో: "నొక్కు తల్లీ, వదలకు, వదలకుండా తిప్పు. ఆఁ, మా బంగారం."

మూత చప్పుడు లేకుండా వచ్చేసింది.

గుమ్మం దగ్గర నిలబడ్డ అత్తగారు వెనక్కి తిరిగి వరండాలోకి వెళ్ళిపోయింది.

కోడలు బయటికొచ్చేసరికి ఆవిడ వరండా బల్ల మీద చేతులు ఒళ్ళో దాచుకుని కూర్చుని ఉంది.

"మీరు పొద్దున్నే వెళ్ళిపోతారు. నేను బిళ్ళ వేసుకోకపోతే కళ్ళు తిరుగుతాయి. ఇంట్లో ఉండేది నేనూ అదీను. ఎవరినడగనమ్మాయ్?"

"నన్ను అడగొచ్చు కదా, అత్తయ్యా. రావట్లేదని నాతో చెప్పొచ్చు కదా."

"పౌడరు డబ్బా అన్నాను. అంతకంటే గట్టిగా ఎలా చెప్పను? ఊరందరికీ మా కోడలు కనిపెట్టిందని చూపించిన నోటితో, అది పనికిరాదని నీ మొహాన ఎలా అనను? నీ మూతకి పేరొస్తుంటే నా వేళ్ళ గోలెందుకని ఊరుకున్నాను. దాని చేతే తీయించుకుని, బిళ్ళ వేసుకున్నాక ఎత్తులో పెట్టమ్మా అని దానికే ఇచ్చేదాన్ని. ఎక్కడ పెడుతుందో కూడా అదే చూసుకునేది."

కోడలికి కోపం రావాలి. కానీ దానికి చోటు లేనంత భయంగా ఉంది. మూతలో ఎక్కడా లోపం లేదు. ఆమె ఎలా గీసిందో అలాగే ఉంది. కంపెనీవాళ్ళు పిల్లల చేత పరీక్ష చేయించారు. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి, ఎవరూ నోరు మెదపకూడదని నియమం పెట్టి మరీ చేయించారు. ఏ పిల్ల పక్కనా నానమ్మ లేదు. పెద్దవాళ్ళని కూడా పిలిచారు. వాళ్ళు రోజూ నడకకెళ్ళే మనుషులు, వాచిన వేళ్ళు ఒక్కరికీ లేవు. 'పిల్లలు తీయలేరు' అని తను కాగితం మీద రాసింది. ఇంటికొచ్చాక అదే మూత పెద్దావిడకి రాకుండా, పసిదానికి మాత్రమే వచ్చేలా తయారైంది. వచ్చే నెల ఎన్ని ఇళ్ళకి వెళ్తుంది ఇది? ఎన్ని ఇళ్ళల్లో పగటిపూట ఒక ముసలమ్మా ఒక పసిపిల్లా తప్ప ఎవరూ ఉండరు?

లోపల్నించి నర్సు పిలిచింది. "అమ్మా, పాపకి చెమట పడుతోంది. త్వరగా రండి."

షుగరు పడిపోయింది. చేతికి గ్లూకోజు ఎక్కించారు. ఒకసారి నిలబడినట్టే నిలబడి మళ్ళీ జారింది. తల్లి ఆ చిన్న చేతిని పట్టుకునే కూర్చుంది. అత్తగారు తలుపు బయటే ఉండిపోయింది. ఎంత పిలిచినా లోపలికి రాలేదు.

మర్నాడు సాయంత్రం పిచ్చుకని ఇంటికి పంపారు. వచ్చీ రాగానే అది దూది లేని ఏనుగుని చూసి ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. ఆ ఏడుపు వింటుంటే అందరికీ ప్రాణం లేచొచ్చింది.

భోజనాలప్పుడు, సంగతి తెలిసి వచ్చిన ఆడపడుచు తల్లి మీద విరుచుకుపడింది. "పసిదాని చేత మందు డబ్బా తీయిస్తావా? బుద్ధుండక్కర్లేదూ అమ్మా?"

అత్తగారు తల వంచుకుని అన్నం కెలుకుతోంది.

"ఆవిడనేమీ అనకండి, వదినా," అంది కోడలు.

"ఆ డబ్బా చెత్తలో పడేశాను," అన్నాడు భర్త. "అలమరకి తాళం వేయిస్తాను. ఇక దాని సంగతి వదిలేయండి."

"మనింట్లోది పడేశారు." కోడలు పిచ్చుకకి ముద్ద పెట్టి, మూతి తుడిచింది. తర్వాత గొంతు పెంచకుండానే చెప్పింది. "రేపు మా సెక్షన్ పెద్దాయనతో చెప్తున్నాను, ఆ మూతలు పంపడం ఆపమని. ఆయన నమ్మరు. గీతలో తప్పెక్కడుందో చూపించమంటారు. అందుకని అత్తయ్యనీ నాతో తీసుకెళ్తున్నాను."

"నేనా?" అంది అత్తగారు. "అంతమంది చదువుకున్నవాళ్ళ ముందు నేనేం చెయ్యనమ్మాయ్?"

"ఏమీ చెయ్యక్కర్లేదు. డబ్బా ఇస్తారు. అందరి ముందూ కూర్చుని తీయడానికి చూడండి, రాదు. అంతే."